అస్థిసంఖ్య: శాస్త్రము, ప్రత్యక్షము

మానవదేహమందలి అస్థులెన్ని? ఈ ప్రశ్నకు మన ప్రాచీనుల సమాధానము ఒక్కటి కాదు. శతపథ బ్రాహ్మణము పురుషుని సంవత్సరముతో సమన్వయించి, 360 రాత్రులకు సమముగా 360 అస్థులను చెప్పినది. చరకసంహితయు ఆ సంఖ్యనే గ్రహించి దంతములు 32, దంతోలూఖలములు 32, నఖములు 20 అందు చేర్చినది.

సుశ్రుతుడు వేదవాదుల 360 సంఖ్యను పేర్కొనియు, శల్యతంత్రమున 300 మాత్రమే అనెను: శాఖలయందు 120, మధ్యదేహమున 117, గ్రీవ మొదలు పైభాగమున 63. అస్థులను కపాల, రుచక, తరుణ, వలయ, నలకములని ఐదు విధములుగా విభజించెను.

ఈ ధైర్యమునకు మూలము ఆయన విధానమే. విషముచేతను, దీర్ఘవ్యాధిచేతను మరణింపని సంపూర్ణాంగ శరీరమును తృణములతో చుట్టి, పంజరమందుంచి, జలమున ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప కూర్చతో మెల్లగా ఒరయుచు చర్మాది అవయవములను కన్నులార పరీక్షింపవలెనని శాసించెను. శాస్త్రమున విన్నదియు కన్నులతో కన్నదియు కలిసినప్పుడే జ్ఞానము వృద్ధి పొందునని ఆయన మతము.

నేటి శాస్త్రము వయోజనునియందు 206 అస్థులను లెక్కించుచున్నది. రుచకములనగా దంతములు, తరుణములలో అధికభాగము మృదులాస్థులు. నేడు ఇవి అస్థులుగా గణింపబడవు. గణనపద్ధతియందును భేదమున్నది. కావున 300 సంఖ్యను 206తో బలవంతముగా సమన్వయించుట అనుచితము. దానిని పరిహసించుటయు అనుచితమే. సంఖ్య మారవచ్చును. పరంపరాగత సంఖ్యను గౌరవించుచునే దేహమును స్వయముగా పరీక్షింపుమనిన ఆ దృష్టియే మనకు నిజమైన వారసత్వము.