కృష్ణా డెల్టాలో ప్రజాస్వామ్యానికి విదేశీ సాయం

ఒక దేశంలో ఎన్నికలు, పత్రికలు, స్థానిక సంస్థలు గట్టిపడాలని మరో దేశమో అంతర్జాతీయ సంస్థో ఇచ్చే డబ్బును ప్రజాస్వామ్య సహాయం అంటున్నారు. ఆ పేరు వాడుకలోకి రాకముందే విజయవాడకు ఆ సరుకు చేరింది. మొదట పుస్తకాలుగా, చాలాకాలానికి కాలువల మీద అప్పుగా.

పుస్తకాల పోటీ

కమ్యూనిస్టుల విశాలాంధ్ర దినపత్రిక 1952లో, విశాలాంధ్ర ప్రచురణాలయం ఆ మరుసటేడు విజయవాడలో మొదలయ్యాయి. మాస్కోలోనే తెలుగులోకి అనువాదమై, అక్కడే అచ్చయిన ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు, తర్వాతి రోజుల్లో రాదుగ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో కాపురముండి మరీ అనువదించారు. గట్టి అట్ట, నున్నటి కాగితం, పిల్లల పుస్తకాలకైతే రంగుల బొమ్మలు. ధర మాత్రం నామమాత్రం. మిగతా ఖర్చు సోవియట్ ప్రభుత్వానిది.

దీనికి దీటుగా 1955లో అమెరికాకు చెందిన ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మద్రాసులో దక్షిణ భాషా పుస్తక సంస్థ ఏర్పడింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రచురణకర్తలకు తోడ్పడి చౌకగా పుస్తకాలు వేయించడం దాని పని. ప్రజాస్వామ్యం మాదంటే మాదని రెండు పక్షాలూ చెప్పుకున్నాయి. బాగుపడింది మాత్రం చదువరి.

1955 ఎన్నికలు

1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు గెలుస్తారేమోనన్న బెంగ ఢిల్లీకే కాదు, వాషింగ్టన్‌కూ ఉంది. కాంగ్రెస్‌కు అక్కరకొచ్చిన విదేశీ సరుకు మాత్రం మాస్కో నుంచి, అదీ ఉచితంగా వచ్చింది. జనవరి 26న ప్రావ్దా పత్రిక భారత విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని అచ్చువేసి పంచిపెట్టారు. ‘మీ మాస్కోయే మా నెహ్రూను పొగుడుతోంది కదా’ అంటే కామ్రేడ్లు ఏం చెబుతారు?

మొత్తం 196 స్థానాల్లో కాంగ్రెస్, దాని మిత్రపక్షాలకు 146, కమ్యూనిస్టులకు 15 దక్కాయి. 1952లో ఈ ప్రాంతంలోనే వాళ్లు 41 గెలిచారు. నిజానికి వాళ్ల ఓట్లు తగ్గలేదు, 31 శాతానికి పెరిగాయి. ఎదుటివారంతా ఒక్కటవడమే దెబ్బతీసింది. అందుకే ఆ ఓటమిని డాలర్ల ఖాతాలో రాయడం సరికాదు. సీఐఏ రెండుసార్లు కాంగ్రెస్‌కు డబ్బిచ్చిందని అమెరికా మాజీ రాయబారి మోయినిహాన్ 1978లో రాశాడు; ఆయన చెప్పినవి కేరళ, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలు.

అత్యవసర పరిస్థితి రోజుల్లో వచ్చిన 1976 నాటి విదేశీ విరాళాల చట్టం పార్టీలు, అభ్యర్థులు, పత్రికలు బయటి సొమ్ము ముట్టకూడదంది. 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి పెట్టినప్పుడు భారత్ కోటి డాలర్లు ఇచ్చింది. పుచ్చుకోవద్దన్న దేశం ఇచ్చేవారి వరసలో కూర్చుంది.

కాలువ గట్టు మీద ఓటు

డెల్టా పల్లెల్లో అందరికీ కనిపించిన మార్పు నీటి సంఘాలది. 1997లో రాష్ట్ర ప్రభుత్వం రైతుల సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చి, ఆ జూన్‌లోనే ఎన్నికలు పెట్టింది. రాష్ట్రమంతటా 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు. అంతకుముందే నీటి తీరువాను మూడు రెట్లకు పైగా పెంచారు. 1998లో ప్రపంచ బ్యాంకు సుమారు 54 కోట్ల డాలర్ల అప్పుతో ఆర్థిక పునర్నిర్మాణ పథకం మంజూరు చేసింది. అందులో కాలువల బాగుకూ వాటా ఉంది. బ్యాంకు ఈ సంఘాల పద్ధతిని రైతుల భాగస్వామ్యం అంది. ఊరివాళ్లకు అది ‘ప్రెసిడెంటు ఎన్నిక’.

అప్పటిదాకా తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో లస్కరుకు, ఇంజనీరుకు తెలిసిన విద్య. కాలువ మొదట్లో ఉన్నవాళ్లకు మడి నిండుతుంటే, దివిసీమ చివరి ఆయకట్టులో నారుమడి ఎదురుచూసేది. సంఘం వచ్చాక పూడికతీత పనులు, గుర్రపుడెక్క తొలగింపు రైతు ప్రతినిధుల చేతికొచ్చాయి. కొన్నిచోట్ల నీళ్లు చివరికంటా పారాయి. కొన్నిచోట్ల ప్రెసిడెంటే కాంట్రాక్టరయ్యాడు. అప్పు డబ్బు ఉన్నన్నాళ్లూ సందడి, ఆ తర్వాత సంఘాలు చాలావరకు కాగితం మీదే మిగిలాయి. ఎన్నికలను ఏళ్లకేళ్లు వాయిదా వేయడంలో ఏ పార్టీ ప్రభుత్వమూ తక్కువ తినలేదు.

మళ్లీ 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. చాలాచోట్ల ఏకగ్రీవమే. చట్టం ప్రకారం భూమి ఉన్నవారికి, రికార్డుకెక్కిన కౌలుదారుకే ఓటు. డెల్టాలో కౌలు ఎక్కువగా నోటి మాట మీద నడుస్తుంది. అలాంటి కౌలుదారు దుక్కి దున్ని, నారు పోసి, బోదెకు అడ్డం పడి రాత్రంతా నీళ్లు కట్టుకున్నా, ఆ నీళ్ల సంఘంలో అతనికి ఓటు లేదు.