వసనాభి సీసా మీద రెండు భాషలు

మా తాత మూలికల కొట్టులో విషమైన వసనాభి దుంప శొంఠి పక్క డబ్బాలోనే ఉండేదట. ఇదేమిటని అడిగే అధికారి లేడు. 1940లో మందుల చట్టం వచ్చింది గానీ, ఆయుర్వేద, యునానీ మందుల్ని అసలు 'మందు' నిర్వచనంలోంచే తీసేశారు. 1954లో మందుల ప్రకటనలకు కళ్లెం పడింది. మధుమేహం కుదురుస్తామనీ, పొడుగు పెంచుతామనీ వేయకూడదన్నారు. మానారా అంటే, అది వేరే కథ.

1964 సవరణతో చట్టం మా వీధికొచ్చింది. అమ్మకానికి తయారుచేసేవాడికి లైసెన్సు తప్పనిసరి. తన రోగులకు తానే నూరి ఇచ్చుకునే వైద్యుడికి మాత్రం మినహాయింపు. నాకు నచ్చింది నిబంధనల్లోని విషపదార్థాల జాబితా, ఇ(1) షెడ్యూలు. వసనాభి, గురివింద, ఉమ్మెత్త, నల్లజీడి, ముషిణి, పాదరసం, హరిదళం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఇవి కలిసిన, లోపలికి పుచ్చుకునే మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఏ భాషలో? ఇంగ్లీషులో, హిందీలో. మా కొట్టుకొచ్చే ముసలమ్మలకు అది చదివి చెప్పే పని నాదే.

2016లో పోషకాహార పొడులకూ గోళీలకూ ఆహార భద్రతా సంస్థ వేరే నిబంధనలు పెట్టింది. దాంతో అదే అశ్వగంధ ఇప్పుడు ఒక అరలో మందు, పై అరలో ఆహారం.