పెనుకొండ: కాలినడకన చూడాల్సిన రాజధాని

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు నేలకూలాక, ఆయన తమ్ముడు తిరుమల దేవరాయలు విజయనగరాన్ని వదిలి దక్షిణానికి బయల్దేరాడు. 550 ఏనుగుల మీద ఖజానా తరలించుకుపోయారని రాబర్ట్ సెవెల్ 1900లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. రెండేళ్ల తర్వాత విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రాజు ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనుకొండ దుర్గానికి మకాం మార్చాడని నమోదు చేశాడు. దక్షిణాదిలో అంత పెద్ద సామ్రాజ్యం చివరకు ఒక కొండను నమ్ముకుంది.

ఎందుకు ఈ కొండనే? 44వ నంబరు జాతీయ రహదారి మీద కారులో పోతూ చూస్తే దీనికి జవాబు దొరకదు. ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లే రైలు కిటికీలోంచి కూడా దొరకదు. ఊళ్లో మొదలయ్యే కాలిబాట పట్టి, బండల మధ్య చెమటోడ్చి ఎక్కితే అరగంటలోనే తెలుస్తుంది. నున్నగా నిలువుగా లేచిన గ్రానైటు. ఎక్కడ దారి ఉందో అక్కడే ద్వారం, ద్వారం దాటగానే మలుపు, ఆ మలుపు మీదికి చూసే బురుజు. కిందినుంచి వచ్చేవాడు ఎప్పుడూ పైవాడి కంటి ముందే ఉంటాడు. సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న ఈ కొండకు ఘనగిరి అన్న పేరు ఊరికే రాలేదు.

కోట అంతకుముందే ఉంది. బుక్కరాయల కుమారుడు విరూపణ్ణ ఒడెయరు పెనుకొండ సీమను ఏలుతున్న కాలంలో, 1354లో కోట కట్టినట్టు ఉత్తర ద్వారం దగ్గరి శాసనం చెబుతోంది. ఎర్రమంచి వాకిలి అని పిలిచే ఆ ద్వారంలో పదకొండు అడుగుల ఆంజనేయుడు నిలబడి ఉంటాడు. ఈ ఎర్రమంచి పేరు ఇప్పుడు దేశమంతటికీ మరో కారణంగా తెలుసు: 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నది ఆ ఊళ్లోనే.

రాజధాని అయ్యాక కొండకు అసలు పరీక్ష ఎదురైంది. 1576లో బిజాపురం సుల్తాను అలీ ఆదిల్ షా సైన్యం ముట్టడించింది. రాజు శ్రీరంగరాయలు ఖజానాతో చంద్రగిరికి తరలిపోగా, సవరం చెన్నప్ప నాయకుడు కోటను నిలబెట్టాడు. పదేళ్లు దాటాక గోల్కొండ సేన వచ్చింది. ఈసారి జగదేవరాయడు కాపాడాడు, బహుమానంగా కన్నడ నేల మీది చన్నపట్టణ సీమ పొందాడు. రెండుసార్లూ మనుషుల శౌర్యం ఎంత గొప్పదో, వాళ్లకు అండగా నిలిచిన బండరాయీ అంత గొప్పది. ఎక్కేటప్పుడు మన మోకాళ్లకు తెలిసే ఆ ఏటవాలే బరువైన ఆయుధాలు మోసుకొచ్చిన సైనికుడినీ ఆపింది.

కొండ కింద చూడవలసినవి తక్కువేం కాదు. తోరణాలు సుల్తానుల పద్ధతిలో, పై శిఖరం గుడి పోలికలో ఉన్న గగన్ మహల్, బాబా ఫక్రుద్దీన్ దర్గా, పచ్చరాతి పార్శ్వనాథుడి జైన బసది, మంత్రి తిమ్మరుసును బంధించారని స్థానికులు చూపించే చెరసాల. వీటిని చూసి చాలామంది తిరుగుముఖం పడతారు. పైన లక్ష్మీనరసింహ స్వామి గుడి, కూలిన గోడలు, వాననీరు నిలిచే దోనెలు చూడనివారికి పెనుకొండ సగమే తెలిసినట్టు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని సీమలో, కొండ మీద నీరు నిలవచేసుకోగలిగినవాడే ముట్టడిని తట్టుకోగలడు. ఆ దోనెలను చూడకుండా యుద్ధం అర్థం కాదు.

ఈ నడకకు తోడు ఒకరు కావాలి. దారి చీలిన చోట గొర్రెల కాపరుల బాట ఏదో, పాత కోటబాట ఏదో కొత్తవాళ్లకు తెలియదు. ఈ ప్రాంతపు రాతిగుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. ఎండాకాలంలో ఎండిన బోదగడ్డికి నిప్పు అంటుకుంటే గాలివాటున పరుగెడుతుంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో కార్చిచ్చు కొండనడకకు వెళ్లిన ఇరవై మందికి పైగా మనుషులను బలిగొంది. ఆ రాష్ట్రం 2024 అక్టోబరులో 40 దారులను ఎంపిక చేసి, స్థానిక గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి వారినే మార్గదర్శకులుగా పెట్టింది. కర్ణాటకలోనూ కొండదారులకు ముందస్తు ఆన్‌లైన్ బుకింగు వచ్చింది.

మార్గదర్శకుల సంఘానికి పుట్టుక కూడా ఇలాంటి విషాదం నుంచే. 1820లో మాంట్ బ్లాంక్ మీద మంచు విరిగిపడి ముగ్గురు మార్గదర్శకులు చనిపోతే, ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని షమోనీ ఊళ్లో వాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. 1964లో జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ సైనికాధికారి కాఠ్మండులో సంస్థ పెట్టి, షెర్పాల తోడుతో యాత్రికులను హిమాలయాల్లో నడిపించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ పని నేపాల్‌లో వేలమందికి బతుకుతెరువు.

తెలుగు నేల మీద కోటకొండను శిక్షణకు వాడుకోవడానికి చక్కని నమూనా భువనగిరి. చాళుక్య విక్రమాదిత్యుడి కాలం నాటి ఆ కోటబండ మీదే ఎవరెస్టు అధిరోహకుడు శేఖర్ బాబు శిక్షణ పాఠశాల నడిపాడు. అక్కడ తాడు పట్టడం నేర్చిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు ఒక పాత కోటబండ అంత దారి చూపింది. పెనుకొండ, మడకశిర, రొళ్ల మండలంలోని రత్నగిరి - ఈ ప్రాంతంలో కోటకొండలకు కొదవ లేదు. చెట్టూ పుట్టా తెలిసిన కాపరుల పిల్లలున్నారు, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న యువకులున్నారు. వాళ్లకు ప్రథమచికిత్స, శాసనాల గురించి నాలుగు మాటలు, అటవీశాఖ గుర్తింపు కార్డు, రోజువారీ న్యాయమైన కూలి. ఇంతకుమించి పెట్టుబడి అక్కర్లేదు.

వెళ్లదలచినవారికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సీతాఫలాలు పండే రోజుల్లో వెళితే ఇంకా మేలు. తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే దిగాలి, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. రెండు రోజులు కేటాయించగలిగితే మొదటిరోజు హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో కూర్మశైలం మీది వీరభద్రాలయం, 27 అడుగుల నంది చూసి, రెండో రోజు పెనుకొండ ఎక్కవచ్చు. దిగాక మధ్యాహ్నం రైలుకో బస్సుకో ధర్మవరం చేరితే, సాయంత్రం దాకా మగ్గాల వీధుల్లో పట్టుచీరల నేత చూడవచ్చు.