ఉడుము తెలివితేటలు

ఉడుము బల్లుల వర్గానికి చెందిన పెద్ద సరీసృపము. దీని శాస్త్రీయ నామము వరానస్ బెంగాలెన్సిస్. నెల్లూరు జిల్లా వెంకటాచలం వంటి కోస్తా ప్రాంతాలలో పొలం గట్లు, చెరువు కట్టలు, చెదపుట్టలు దీనికి అనువైన తావులు. తెలుగువారికి ఉడుము అనగానే దాని పట్టు గుర్తుకు వస్తుంది. వదలని మొండితనాన్ని "ఉడుము పట్టు" అనడం వాడుక. దాని తెలివిని గురించి చెప్పుకొనేది మాత్రం తక్కువ. నిజానికి బల్లులలో ఉడుముల కుటుంబము మిక్కిలి తెలివైనదని పలువురు జీవశాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇవి మనిషికి మచ్చిక అవుతాయి కూడా. అయితే భారతదేశంలో ఉడుమును పట్టుకొనుట, పెంచుట నేరము.

వేట తీరు

గోడ బల్లి ఒకచోట పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన పురుగును పట్టుకొంటుంది. ఉడుము అట్లు కాదు. ఉదయము ఎండ కాచుకొని ఒళ్ళు వేడెక్కిన తరువాత ఆహారాన్ని వెదకుతూ బయలుదేరుతుంది. చీలిన నాలుకతో వాసన కణాలను సేకరించి అంగిటిలోని జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. పురుగులు, పీతలు, చేపలు, గుడ్లు, ఎలుకలు, చచ్చిన జంతువులు అన్నీ దీనికి ఆహారమే. ఏది ఎక్కడ దొరుకుతుందో, దానిని ఎట్లు బయటకు తీయాలో నేర్చుకొనవలసిన జీవి కనుక దీనికి తెలివి అవసరమైనదని భావించవచ్చును. ఈ జాతి జీవన విధానముపై వాల్టర్ ఆఫెన్‌బర్గ్ 1994లో ఒక సమగ్ర గ్రంథము వెలువరించాడు.

నెల్లూరు ప్రాంతపు యానాదులు పూర్వము ఉడుములను, ఎలుకలను వేటాడుటలో నేర్పరులు. బొరియ ముందరి మట్టిని, జాడను చూచి లోపలి జీవిని పసిగట్టగల విద్య వారిది. ఇటువంటి పరిజ్ఞానము పుస్తకాలలోకి ఎక్కినది స్వల్పమే.

ప్రయోగాలు

సరీసృపాలు మందబుద్ధి గలవన్న పేరు చాలాకాలము నిలిచినది. పూర్వపు ప్రయోగాలలో ఎలుకలకు అనువైన పరికరాలనే వీటికీ వాడుట, చల్లని గదులలో పరీక్షించుట ఇందుకు కొంత కారణము. వీటి శరీరపు వేడి పరిసరాలపై ఆధారపడుతుంది. చలిలో ఉన్న ఉడుము చురుకుగా కదలనే లేదు, ఇక నేర్చుకొనేదెట్లు?

ఉడుము కుటుంబానికే చెందిన ఆఫ్రికా జాతి పిల్లలు ఎనిమిదింటిపై అమెరికాలో జరిపిన ఒక ప్రయోగము 2008లో ప్రచురితమైనది. తలుపులు గల పారదర్శకమైన గొట్టములో ఎలుకలను ఉంచగా, అన్నియు పది నిమిషాల లోపే తలుపు తీసి ఆహారము అందుకొన్నాయి. రెండవసారి ఇంకా త్వరగా తీశాయి. గొట్టాన్ని ఊరక కుదిపే వ్యర్థ ప్రయత్నాలు తగ్గినవి. అనగా మొదటిసారి దొరికినది కేవలము అదృష్టము కాదు. సాన్ డియేగో జంతు ప్రదర్శనశాలలో జాన్ ఫిలిప్స్ నత్తలతో జరిపిన పరీక్షలలో ఈ ఆఫ్రికా ఉడుములు ఆరు వరకు సంఖ్యను గుర్తించాయి. అలవాటైన లెక్కలో ఒక నత్త తక్కువైతే దానికోసము వెదకినవి.

ఇండోనేషియాకు చెందిన కొమొడో డ్రాగన్ కూడా ఈ కుటుంబములోనిదే. లండన్ జూలో జోన్ ప్రోక్టర్ మచ్చిక చేసిన "సుంబావా" అనే డ్రాగన్‌ను 1928లో శాస్త్రజ్ఞుల సభలో ప్రదర్శించినారు. 1992లో వాషింగ్టన్ నేషనల్ జూలో పుట్టిన "క్రాకెన్" తన సంరక్షకుల జేబులలోని వస్తువులను లాగుతూ ఆడుకొనేది. నేడు జూలలో గుర్తు చూపిన చోటికి రావడము, పెట్టెలోకి తనంతట తానే ప్రవేశించడము ఆహారపు ఆశతో నేర్పుతారు. దీనిని కుక్క విశ్వాసముతో పోల్చరాదు. మనిషి వలన ప్రమాదము లేదనియు, ఆహారము వస్తుందనియు ఆ జంతువు నేర్చుకొన్నదని మాత్రమే చెప్పవచ్చును.

కోట గోడ కథ

1670లో తానాజీ మాలుసరే కొండాణా కోటను పట్టినప్పుడు "యశవంతి" అనే ఉడుము నడుముకు తాడు కట్టి గోడ ఎక్కించాడని మహారాష్ట్రలో ప్రసిద్ధమైన కథ. చరిత్రకారులలో పలువురు దీనిని నమ్మరు. ఉడుము గోళ్ళ పట్టు గట్టిదే, కాని కొన్ని కిలోల బరువుండే ప్రాణి ఆయుధధారియైన సైనికుని మోయునని అనుకొనుట కష్టము. పట్టు అనేది శరీర నిర్మాణము వలన వచ్చినది, శిక్షణ వలన కాదు.

చట్టము, ప్రమాదాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 మొదటి షెడ్యూలులో ఉడుము ఉన్నది. 2022 సవరణ తరువాత ఈ షెడ్యూలు జంతువుల విషయములో నేరానికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు, కనీసము 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును. అయినను మాంసము, చర్మము, నూనె కొరకు వేట ఆగలేదు. "హఠా జోడీ" అనే పేరుతో అదృష్టాన్నిచ్చే వేరు అని అమ్మేది చాలా సందర్భాలలో మగ ఉడుము యొక్క ఎండబెట్టిన జననాంగమే. అది మొక్క కాదు.

విదేశీ బల్లులను పెంచువారికి కూడా నియమాలు కలవు. ఆకుపచ్చ ఇగ్వానా వంటి అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని జంతువుల వివరాలను ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయవలెను. పొలములో గాని ఇంటిలో గాని ఉడుము కనబడినచో దారి వదిలితే దానంతట అదే పోతుంది. చిక్కుకొన్నచో అటవీ శాఖకు తెలుపవలెను.