నది తిరిగి పారాక అది ఎవరిది? – అర్వారీ గ్రామాల అనుభవం

గత భాగంలో భారీ ఆనకట్టల చరిత్రనూ, వాటి చుట్టూ నడిచిన ఉద్యమాలనూ చదువుకున్నారు. అక్కడ వివాదమంతా నిండుగా పారే నదుల గురించి. ఈ భాగంలో ఒక చిన్న నదిని పరిశీలిద్దాం. దాని పేరు అర్వారీ. రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో, ఆరావళి కొండల్లో పుట్టి సుమారు 45 కిలోమీటర్లు పారుతుంది. గోదావరినో కృష్ణనో చూసిన కళ్లకు ఇది నదిలా కనిపించదు. మన వైపు అయితే వాగు అని ఊరుకుంటాం. అయినా పర్యావరణ చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. ఎండిపోయిన నదిని గ్రామస్థులు మళ్లీ పారించారన్నది ఒక కారణం. నీరు వచ్చిన తరువాత ఆ నీరు, అందులోని చేప ఎవరివన్న వివాదం లేచిందన్నది రెండవ కారణం. మొదటి సంగతి పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. చరిత్ర విద్యార్థులు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది రెండవ దానిపైన.

నది ఎండడానికి కారణాలు

వానలు లేక నది ఎండిందని అనుకోవడం తేలిక. కానీ అల్వర్ ప్రాంతంలో సగటున ఏడాదికి 600 మిల్లీమీటర్ల వరకు వర్షం పడుతుంది. ఇది మన అనంతపురం సగటు కంటే తక్కువేమీ కాదు. అయితే ఆ వానంతా దాదాపు మూడు నెలల్లోనే, కొన్ని పెద్ద జల్లులుగా కురుస్తుంది. కొండవాలు మీద చెట్టూ పుట్టా ఉంటే నీరు నిలిచి నేలలోకి దిగుతుంది. బోడి కొండ అయితే మట్టిని కూడా వెంటబెట్టుకుని గంటల్లో వెళ్లిపోతుంది. కనుక అడగవలసిన ప్రశ్న ‘ఎంత కురిసింది?’ అన్నది కాదు, ‘ఎంత నిలిచింది?’ అన్నది.

నీటిని నిలపడానికి ఆ ప్రాంతంలో తరతరాలుగా ‘జోహడ్’లు ఉండేవి. వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో వేసిన మట్టికట్టను జోహడ్ అంటారు. మన కుంటను తలచుకుంటే దాని రూపం సగం అర్థమవుతుంది. పనిలో మాత్రం తేడా ఉంది. మన కుంటకు, చెరువుకు తూము ఉంటుంది, ఆ నీరు కాలువ ద్వారా ఆయకట్టుకు పోతుంది. జోహడ్ ముఖ్యంగా నీటిని నేలలోకి ఇంకించడానికి కట్టినది. పశువులు అందులో నీళ్లు తాగుతాయి. నీరు తగ్గాక తడి మిగిలిన అడుగు నేలలో పంట వేస్తారు. ఇంకిన నీరు రాతి పగుళ్ల గుండా పల్లానికి నడిచి దిగువ బావుల్లో తేలుతుంది.

ఈ కట్టల బాగోగులను గ్రామ కట్టుబాట్లు చూసుకునేవి. దేవుడి పేర వదిలిన ‘దేవ్ బనీ’ వనాలలో గొడ్డలి పెట్టకూడదన్నది అలాంటి కట్టుబాటే. సంస్థానాలు విలీనమైన కాలంలోనూ, ఆ తరువాతా అడవులు పెద్దఎత్తున బొగ్గుకూ కలపకూ పోయాయి. మిగిలిన అడవి అటవీశాఖ చేతికీ, నీరు నీటిపారుదల శాఖ చేతికీ వెళ్లాయి. గ్రామానికి అధికారం పోయింది, దానితోపాటు పూచీ కూడా పోయింది. ఏటా పూడిక తీయవలసిన కట్టకు రెండు మూడేళ్లు ఎవరూ రాకపోతే చాలు, ఒక పెద్ద వాన దాన్ని తెంచేస్తుంది. ఇంజన్లు పెట్టి బావులను తోడడం దీనికి తోడైంది. 1980ల నడుమకు థానాగాజీ తాలూకా భూగర్భజలాలు అడుగంటిన ‘డార్క్ జోన్’ అయింది. పనిచేయగల మగవాళ్లు ఢిల్లీకీ అహ్మదాబాద్‌కూ వలస పోయారు. ఊళ్లలో ముసలివాళ్లు, స్త్రీలు, పిల్లలు మిగిలారు. పాలమూరు వలసల గురించి తెలిసిన మీకు ఈ దృశ్యాన్ని వివరించనక్కరలేదు.

1985: గోపాల్‌పురా

తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థ 1975లో జైపూర్‌లో ఏర్పడింది. ఆయుర్వేదం చదివి ప్రభుత్వ ఉద్యోగం వదులుకున్న రాజేంద్రసింగ్ 1985లో కొందరు మిత్రులతో కలిసి థానాగాజీ పల్లెలకు వచ్చారు. వైద్యం చేయాలి, బడి నడపాలి అన్నది వారి ఆలోచన. గోపాల్‌పురాలో ఒక పెద్దమనిషి మందులూ చదువులూ తరువాత, ముందు నీళ్ల సంగతి చూడమన్నాడని రాజేంద్రసింగే అనేక సందర్భాల్లో చెప్పారు. ఇది గమనించదగిన విషయం. సాంకేతిక జ్ఞానం బయటి నుంచి ఊరికి రాలేదు. ఊళ్లోనే ఉన్నా వాడుక తప్పిన జ్ఞానాన్ని మళ్లీ బయటకు తీయడానికి బయటివారు సాయపడ్డారు. ఏ కట్ట ఎక్కడ వేయాలో చెప్పింది పశువుల కాపరులూ, ముసలి రైతులూ. వాన నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో వాళ్లకు కాలికింది నేలంత తెలుసు.

పూడిక తీసిన జోహడ్‌లో ఒక వానాకాలం నీరు నిలిచింది, కింది బావుల్లో నీరు పెరిగింది. పక్క ఊరివాళ్లు వచ్చి చూశారు. పని అలా పాకింది. ప్రతి ఊరూ ఖర్చులో తన వాటాను శ్రమగానో, సొమ్ముగానో పెట్టాలన్నది నియమం. ఉచితంగా వచ్చిన కట్ట తెగితే ప్రభుత్వానికి అర్జీ పెడతాం, మన చెమటతో వేసిన కట్ట తెగితే పార పట్టుకుని పరుగెత్తుతాం. ఆ నియమం వెనుక ఉన్న లెక్క ఇదే.

ప్రభుత్వం వైపు నుంచి మొదట వచ్చింది అభినందన కాదు, నోటీసు. ప్రవాహాలపై అధికారం రాజ్యానిది కనుక అనుమతి లేని కట్ట అక్రమం అన్నది నీటిపారుదల శాఖ వాదన. అందుకు ఆధారం 1954 నాటి రాజస్థాన్ చట్టం. పొలంలో పడిన వానను ఆపుకోవడం నేరమా అని గ్రామస్థులు తిరిగి అడిగారు. దాదాపు ఇదే వివాదం 2001లో ‘లావా కా బాస్’ అనే ఊళ్లో కట్టిన ఆనకట్ట విషయంలో మళ్లీ లేచింది.

ఇంకొక చిక్కు గనులతో వచ్చింది. సరిస్కా అభయారణ్యం చుట్టుపక్కల పాలరాతి గనులు లోతుగా తవ్వుతున్నారు. కొండ మీద జోహడ్ కట్టినా, ఇంకిన నీరు గని గుంటలోకి కారిపోతే బావికి చేరేదేముంటుంది? తరుణ్ భారత్ సంఘ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1991లో కోర్టు రక్షిత ప్రాంతంలో గనులపై నిషేధ ఉత్తర్వులు ఇచ్చింది. 1992 మే 7న కేంద్ర పర్యావరణ శాఖ అల్వర్, గుర్‌గావ్ జిల్లాల ఆరావళి ప్రాంతాలలో గనుల వంటి పనులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ వెలువరించింది. ఊరి కట్టుబాటుతోపాటు న్యాయస్థానం కూడా అవసరమైందని మరచిపోవద్దు.

నీరు, అడవి, చేప

అర్వారీ పుట్టేచోట భావ్తా, కోల్యాలా అనే జంట పల్లెలు ఉన్నాయి. 1980ల చివర అక్కడి వాలుల మీద పని మొదలై క్రమంగా దిగువకు సాగింది. పరీవాహకంలోని 70 ఊళ్లలో వందల కట్టలు లేచాయి.  భూగర్భజల మట్టం నది అడుగు కంటే పైకి వచ్చినప్పుడు ఊట దానంతటదే నదిలోకి దిగుతుంది. 1990లో వానలు వెనుదిరిగాక కూడా కొంతకాలం నీరు పారిందనీ, 1995 నాటికి అర్వారీ ఏడాది పొడవునా పారే నది అయిందనీ గ్రామస్థులూ, సంస్థా చెబుతారు.

నీటితోపాటు జీవజాలం కూడా తిరిగివచ్చింది. కొండవాలు మీద ధోక్ చెట్లు మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చాయి. భావ్తా–కోల్యాలా ప్రజలు తమ అడవిని భైరోదేవ్ పేర ప్రజా అభయారణ్యంగా ప్రకటించుకున్నారు. నది మడుగుల్లో చేపలు పెరిగాయి. అసలు తగాదా ఈ చేపల దగ్గరే మొదలైంది.

1996లో రాష్ట్ర ప్రభుత్వం అర్వారీలో చేపలు పట్టే హక్కును ఒక కాంట్రాక్టరుకు ఇచ్చింది. హమీర్‌పురా గ్రామస్థులు అడ్డుపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది చేపలు తినరు. అంటే అది కూటికోసం జరిగిన గొడవ కాదు. ఎండిపోయినప్పుడు నది తనదని రాని ప్రభుత్వం, నీళ్లు రాగానే యజమానిగా ఎలా వచ్చింది? ఇవాళ చేపను వేలం వేస్తే రేపు నీటిని వేలం వేయరా? వారి భయం ఇది. చివరకు ఆ కాంట్రాక్టు రద్దయింది. కానీ చట్టం మారలేదు. చట్టం ప్రకారం నది ఇప్పటికీ ప్రభుత్వానిదే.

ఈ తగాదా నుంచి అర్వారీ సంసద్ పుట్టింది. 1998 డిసెంబరులో హమీర్‌పురాలో బహిరంగ విచారణ జరిగింది. 1999 జనవరి 26న సంసద్ ఏర్పడింది. రిపబ్లిక్ దినాన్ని ఎందుకు ఎంచుకున్నారో మీరే ఊహించగలరు. 70 ఊళ్ల గ్రామసభల ప్రతినిధులు ఇందులో సభ్యులు, ఏడాదికి రెండుసార్లు సమావేశమవుతారు. హోలీ నుంచి వానలు పడే దాకా నదిలో నేరుగా ఇంజన్ పెట్టి నీరు తోడకూడదు. చెరకు, వరి వంటి నీరెక్కువ తాగే పంటలు వేయకూడదు. పచ్చని చెట్టు నరకకూడదు, వేటాడకూడదు. ఇవి దాని ముఖ్య నియమాలు. హోలీ అన్న గడువును గమనించండి. కేలండర్ తేదీ కాదు, ప్రతి ఇంటికీ తెలిసిన పండుగ. దానికి పోలీసు లేడు, కోర్టు లేదు. నియమం తప్పినవాడు నలుగురిలో సమాధానం చెప్పుకోవలసి రావడమే దాని బలం, అదే దాని బలహీనత కూడా.

2000 మార్చిలో అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఈ పల్లెలకు స్వయంగా వచ్చి భావ్తా–కోల్యాలా ప్రజలకు ‘డౌన్ టు ఎర్త్–జోసెఫ్ సి. జాన్’ పురస్కారాన్ని అందజేశారు. 2001లో రాజేంద్రసింగ్‌కు రామన్ మెగసెసె పురస్కారం, 2015లో స్టాక్‌హోమ్ జల బహుమతి లభించాయి.

ఆధారాలను ఎలా చదవాలి?

ఇంతవరకు చదివిన కథలో ఒక నాయకుడు, ఒక సంస్థ, ఒక విజయం ఉన్నాయి. అలాంటి కథ కనిపించినప్పుడు చరిత్ర విద్యార్థి కాస్త ఆగాలి. అర్వారీ గురించి మనకు దొరికే గణాంకాలలో చాలా భాగం పని చేసిన సంస్థ నుంచే వచ్చినవి. అందుకని అవి అబద్ధాలని కాదు. గ్రామస్థుల జ్ఞాపకం, ప్రభుత్వ భూగర్భజల లెక్కలు, స్వతంత్ర పరిశోధన పక్కపక్కన పెట్టి చూడాలని అర్థం.

గ్లెండెనింగ్, వెర్వూర్ట్ అనే పరిశోధకులు అర్వారీ పరీవాహకాన్ని క్షేత్రస్థాయిలో కొలిచి 2010, 2011లో వ్యాసాలు ప్రచురించారు. కట్టలు భూగర్భజలాన్ని పెంచుతాయని వారు గుర్తించారు. అయితే పైన ఆపిన నీరు ఆ మేరకు దిగువ ప్రవాహంలో తగ్గుతుందని కూడా చూపించారు. పై ఊరి బావికి కలిగిన లాభానికి, కింది ఊరి ఏటి నుంచి కొంత పోతుందన్న మాట. వరుస కరువుల్లో ప్రవాహం క్షీణించడమూ తెలిసిందే. ఇక బావి నీరు పెరిగితే మొదట బాగుపడేది బావి ఉన్నవాడే. భూమి లేని కుటుంబానికి అందేది పశుగ్రాసం, కూలిపని, దగ్గరలో తాగునీరు. ఇవీ చిన్నవి కావు, ముఖ్యంగా కడవతో మైళ్లు నడిచే స్త్రీకి. కానీ ఆమెకు సంసద్‌లో ఎంత మాట దక్కిందన్నది వేరే ప్రశ్న. ఈ విమర్శలు అర్వారీ ప్రాముఖ్యాన్ని తగ్గించవని నా అభిప్రాయం. పైవాడు, కిందివాడు ఒకచోట కూర్చుని తేల్చుకోవలసిన తగాదా నిజంగానే ఉంది, అందుకే సంసద్ అవసరమైంది.

అర్వారీలో సమస్య నీటి కొరత. నీరుండీ పనికిరాకుండా పోయిన నదుల పరిస్థితి వేరు. పంజాబ్‌లోని కాలీ బేయీ 160 కిలోమీటర్ల చిన్న నది. గురునానక్ జీవితంతో ముడిపడిన సుల్తాన్‌పూర్ లోధీ దీని ఒడ్డునే ఉంది. పట్టణాల, పల్లెల మురుగు కలిసి, గుర్రపుడెక్క అల్లుకుని అది మురికికాలువగా మారింది. 2000లో సంత్ బల్బీర్‌సింగ్ సీచేవాల్ కరసేవగా శుభ్రపరచడం మొదలుపెట్టారు. వేలమంది నీటిలో దిగి డెక్క లాగారు. అయితే డెక్క తీసినంత మాత్రాన నీరు శుభ్రం కాదు. ఊరి మురుగును నదిలోకి రాకుండా మళ్లించి, శుద్ధిచేసి పొలాలకు పారించే ఏర్పాటు వారి పనిలో మరింత కష్టమైన భాగం. పట్టణాలు మురుగు వదలడం ఆపనిచోట భక్తుల శ్రమ మళ్లీ మళ్లీ వృథా అయింది. చేతులతో చేయగలిగిన పనికీ, మున్సిపాలిటీ మాత్రమే చేయగల పనికీ మధ్య గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ దాటాక మూసీ నీటితో వరి, గడ్డి పండించే రైతులు ఆ గీతకు ఇవతల ఉన్నవారే.

మన రాష్ట్రాల విషయానికి వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ‘నీరు–మీరు’ కార్యక్రమం, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వచ్చాయి. విభజన తరువాత తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడికతీత జరిగింది. ఇవి ప్రభుత్వం మొదలుపెట్టి ప్రజలను పిలిచినవి. అర్వారీలో ప్రజలు మొదలుపెట్టారు, ప్రభుత్వం నోటీసుతో వచ్చింది. ఈ తేడాను మనసులో ఉంచుకుని కింది అభ్యాసం చేయండి.

అభ్యాసం: మీ ఊరి చెరువు, కుంట లేదా వాగును ఒకదాన్ని ఎంచుకోండి. అరవై ఏళ్లు దాటిన ఇద్దరిని వేరువేరుగా కలవండి. వారిలో ఒకరు ఆయకట్టులో భూమి ఉన్నవారు, మరొకరు లేనివారు అయి ఉండాలి. తూము ఎవరు తీసేవారు, నీరటికి కూలి ఎలా ముట్టేది, పూడిక ఎవరు తీసేవారు, చేపలు ఎవరికి చెందేవి, ఆ ఏర్పాటు ఎప్పుడు, ఎందుకు ఆగింది అని అడిగి రాసుకోండి. ఇద్దరి మాటలూ ఎక్కడ కలవడం లేదో ప్రత్యేకంగా గుర్తించి, రెండు పుటలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి తరగతికి తీసుకురండి.