పిల్లల శ్వాసకోశ వైరస్‌లు: విఫలమైన టీకా నేర్పిన పాఠం

2022 జనవరి 3న దేశమంతటా 15 నుంచి 18 ఏళ్ల వారికి కోవిడ్ టీకా ఇవ్వడం ప్రారంభమైంది. సంగం జాగర్లమూడి, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో అప్పుడు పదో తరగతో ఇంటరో చదువుతున్న మీలో కొందరు ఆ టీకా వేయించుకునే ఉంటారు. ఆ వయసువారికి తొలుత ఇచ్చినది హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్. దాని తయారీలో తీసుకున్న ఒక జాగ్రత్తకు మూలం 1966లో అమెరికాలో జరిగిన ఒక విషాదంలో ఉంది. ఆ చరిత్రను ఇక్కడ పరిశీలిద్దాం.

వైరస్‌ను గుర్తించడం

1956లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో చింపాంజీలకు జలుబు చేసింది. వాటి నుంచి శాస్త్రజ్ఞులు ఒక కొత్త వైరస్‌ను వేరుచేశారు. మరుసటి సంవత్సరం రాబర్ట్ చానాక్ బృందం అదే వైరస్‌ను బాల్టిమోర్‌లో జబ్బుపడిన పసిపిల్లల్లో కనుగొంది. దానినే ఇప్పుడు ఆర్‌ఎస్‌వి అంటున్నాం. పసిబిడ్డ పాలు తాగలేక, పిల్లికూతలతో డొక్కలు ఎగరేస్తుంటే మన ఇళ్లలో పెద్దలు వెంటనే ఆందోళన పడతారు. అలాంటి జబ్బుకు ప్రపంచమంతటా ముఖ్య కారణాల్లో ఈ వైరస్ ఒకటి.

1966 నాటి ప్రయోగం

ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌కు పటిక జాతి లవణాన్ని కలిపి టీకా తయారుచేశారు. వాషింగ్టన్‌లో దానిని 31 మంది పసిపిల్లలకు ఇచ్చారు. వారి రక్తంలో ప్రతిరక్షకాలు పెరిగాయి కనుక రక్షణ లభించినట్లే అనిపించింది. కాని అసలు వైరస్ వ్యాపించినప్పుడు వారిలో 20 మందికి అది సోకింది. ఆ 20 మందిలో 16 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు మరణించారు. ఈ టీకా కాక వేరే టీకా పొందిన పిల్లల్లో 21 మందికి వైరస్ సోకగా, ఒక్కరికే ఆసుపత్రి అవసరమైంది. అంటే ఈ టీకా జబ్బును ఆపకపోగా తీవ్రతరం చేసింది.

కారణం ఏమిటి?

దీనికి సమాధానం దొరకడానికి దశాబ్దాలు పట్టింది. వైరస్ మన కణంలోకి చొరబడటానికి ఉపయోగించే ప్రోటీన్ ఆకారం టీకా తయారీలో మారిపోయింది. అందువల్ల పుట్టిన ప్రతిరక్షకాలు వైరస్‌కు అతుక్కున్నాయి కాని దానిని నిర్వీర్యం చేయలేకపోయాయి. పైగా రోగనిరోధక వ్యవస్థ టిహెచ్2 అనే మార్గం వైపు మొగ్గింది. ఎలర్జీలలో ప్రధానంగా కనిపించే మార్గం ఇదే. దానివల్ల ఊపిరితిత్తుల్లో వాపు పెరిగింది. వైరస్ సోకిన కణాలను ఎదుర్కోవడంలో కీలకమైనది టిహెచ్1 మార్గం. కాబట్టి ప్రతిరక్షకాలు ఎన్ని పుట్టాయన్నదే కాక, అవి ఎలాంటివి, వాటితోపాటు ఏ స్పందన మేల్కొన్నది అన్నవి కూడా ముఖ్యమే.

హైదరాబాదు టీకాలలో ఆ పాఠం

2003 నాటి సార్స్ వ్యాధికి తయారుచేసిన ప్రయోగాత్మక టీకాలతోనూ ఎలుకల ఊపిరితిత్తుల్లో ఇలాంటి వాపు కనిపించింది. అందుకే 2020లో కోవిడ్ టీకాలు తయారుచేసేవారికి ఈ భయం ఉండేది. కోవాగ్జిన్ కూడా చంపిన వైరస్‌తో చేసినదే. అయితే అందులో పటిక జాతి లవణంతోపాటు టిహెచ్1 వైపు మళ్లించే మరో పదార్థాన్ని జోడించారు. 2 నుంచి 18 ఏళ్ల 525 మందిపై దానిని పరీక్షించారు. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల వారికి ఇచ్చిన కోర్బెవ్యాక్స్‌ను హైదరాబాదులోని బయొలాజికల్ ఇ తయారుచేసింది. అందులోనూ సిపిజి అనే పదార్థం ఇదే పని చేస్తుంది.

ఆర్‌ఎస్‌వి విషయంలోనూ మార్గం తెరుచుకుంది. 2013లో ఆ ప్రోటీన్ అసలు ఆకారం తెలిసింది. 2023లో అమెరికాలో గర్భిణులకిచ్చే టీకాకూ, శిశువులకిచ్చే ప్రతిరక్షక ఇంజెక్షన్‌కూ అనుమతి లభించింది.

చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసినది మరొకటి ఉంది. ఆ పరిశోధకులు తమ వైఫల్యాన్ని, మరణాలతో సహా, 1969లో అంకెలతో ప్రచురించారు. దానిని దాచి ఉంటే తరువాతి తరాలవారు అదే తప్పును మరికొందరు పిల్లల మీద చేసి ఉండేవారు. విజయాల జాబితా మాత్రమే విజ్ఞానశాస్త్ర చరిత్ర కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1966 టీకా పొందిన పిల్లల రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నా రక్షణ ఎందుకు లభించలేదు? పది వాక్యాల్లో రాయండి.