విల్లు, చిర్రగోనె, గోల్ఫు కర్ర

1457లో స్కాట్లాండు శాసనసభ గోల్ఫును నిషేధించింది, ప్రజలు విలువిద్య మాని బంతి వెంట పడుతున్నారని. భద్రాచలం ఏజెన్సీలో కోయవారి విల్లు చూసిన మనకు ఆ బెంగ అర్థమవుతుంది. 1829 నాటికే కలకత్తాలో క్లబ్బు పెట్టుకున్న ఆ ఆట, పిల్లల వద్దకు అమెరికా వెళ్లిన మన సభ్యుల చేతికీ వస్తోంది.

ఖమ్మం వాళ్లం చిర్రగోనె ఆడినవాళ్లం కదా, బంతిని కూడా చిర్రలాగా లేపబోతాం. అక్కడే పొరపాటు. లేపే పని కర్ర ముఖంలోని ఏటవాలుది. నేలమీది బంతిని కిందికి కొడితే అదే లేస్తుంది. లేపబోతే కర్ర ముందుగా నేలకు తగిలి మణికట్టు అదురుతుంది.

1896–1914 మధ్య ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్, కుడి చిటికెనవేలిని ఎడమచేతి వేళ్లపై ఆనించే పట్టును ప్రచారంలోకి తెచ్చారు. రెండు చేతులూ ఒకటిగా కదులుతాయి, బిగించనక్కరలేదు. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ కాస్త లేపితే నడుముకు హాయి.